తల్లుల ప్రాణదాత

విజయనగరమునకు సమీపమున, చంపావతీ తీరమున నున్న నెల్లిమర్ల చాలకాలము జూటుమిల్లుచేతనే ప్రసిద్ధి వహించిన ఊరు. 2002వ సంవత్సరమున అచ్చట మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ వెలసిన పిమ్మట అది వైద్యవిద్యకు కూడ నెలవైనది. అట్టి విద్యాలయములలో చేరిన విద్యార్థి మొదట నేర్వవలసిన విషయములలో చేతులు కడుగుకొనుట యొకటి. వినుటకు ఇది పసిపిల్లలకు చెప్పెడి మాటవలె తోచును. కాని శస్త్రచికిత్సకు పూర్వము వైద్యుడు మోచేతుల వరకు చేతులను, గోళ్ల సందులను శుభ్రము చేసికొననిదే రోగిని తాకరాదు; గోళ్లు పెంచుకొనరాదు. ఈ నియమమును నేడు లోకమంతయు పాటించుచున్నది. కాని దీనిని నిలుపుటకై ఒక వైద్యుడు తన ఉద్యోగమును, పేరును, మనశ్శాంతిని కోల్పోయెనని ఎరిగినవారు కొందరే. అతడే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

సెమ్మెల్‌వైస్ 1818వ సంవత్సరము జులై 1వ తేదీన హంగరీ దేశమందలి బుడా నగరమున జన్మించెను. డాన్యూబు నదికి ఒక యొడ్డున బుడా, మరియొక యొడ్డున పెస్టు ఉండెడివి. ఆ రెండును తరువాతి కాలమున కలిసి బుడాపెస్టు అయినవి. అతని తండ్రి వెచ్చములు అమ్ము వర్తకుడు. ఇగ్నాజ్ 1837లో న్యాయశాస్త్రము చదువుటకై ఆస్ట్రియా రాజధానియగు వియన్నాకు పోయెను. కాని మరుసటి యేడే ఆ చదువును విడిచి వైద్యమునకు మారెను. 1844లో వైద్యపట్టము పొందెను. 1846 జులైలో వియన్నా పెద్దాసుపత్రియందు ప్రసవశాలలో ఆచార్య క్లైన్ అను వానికి సహాయకుడుగా నియమింపబడెను.

ఆ ప్రసవశాలలో రెండు విభాగములుండెను. మొదటి దానిలో వైద్యవిద్యార్థులు, రెండవ దానిలో మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలు శిక్షణ పొందుచుండిరి. రెండును ఒకే ఆసుపత్రిలోనివి. రెంటికిని ఒకే కప్పు, ఒకే గాలి. అయినను మొదటి విభాగమున పురుడు పోసికొన్న తల్లులు సూతికాజ్వరముతో కుప్పలుగా మరణించుచుండిరి. 1846వ సంవత్సరమున మొదటి విభాగములో 4010 కాన్పులు జరుగగా 459 మంది తల్లులు చనిపోయిరి. అనగా నూటికి పదునొకరికి పైగా. రెండవ విభాగములో 3754 కాన్పులకు మరణములు 105 మాత్రమే. అనగా నూటికి ముగ్గురైనను లేరు.

ఈ సంగతి నగరమందలి పేదస్త్రీలందరకును తెలిసియుండెను. ఏ దినమున ఏ విభాగములో చేర్చుకొనవలెనో ముందుగనే నిర్ణయించి యుండుటచేత, ఎవరికి ఏది ప్రాప్తించునో వచ్చిన దినమును బట్టి యుండెడిది. మొదటి విభాగమునకు పంపుచున్నారని తెలిసినంతనే నిండుచూలాండ్రు మోకరిల్లి, తమ్ము రెండవ దానికి పంపుడని వేడుకొనెడివారు. కొందరు ఆసుపత్రి చేరక మునుపే వీథిలో ప్రసవించెడివారు. ఆశ్చర్యమేమనగా, వీథిలో బిడ్డను కన్నవారికి ఆ జ్వరము అరుదుగా వచ్చెడిది. వైద్యులు ప్రక్కన నున్నచోట మరణము, వైద్యుడే లేనిచోట బ్రదుకు. ఈ విపరీతమును చూచి యువకుడగు సెమ్మెల్‌వైస్ హృదయము తల్లడిల్లెను.

ఆనాటి పండితులు ఈ జ్వరమునకు చెడుగాలి కారణమని చెప్పుచుండిరి. ఆకాశమునుండియు భూమినుండియు విషవాయువులు వ్యాపించి తల్లులను చంపుచున్నవని వారి నమ్మకము. గాలియే కారణమైనచో అది ఒక గదిలో ప్రవేశించి ప్రక్కగదిని విడిచిపెట్టునా యని సెమ్మెల్‌వైస్ ఆలోచించెను. జనసమ్మర్దము కారణమందమా, తల్లులు రెండవ విభాగమునే కోరి చేరుటచే అదియే ఎక్కువ క్రిక్కిరిసి యుండెను. ఆహారములో భేదము లేదు. స్త్రీలు పరుండు తీరులో భేదము కలదేమోయని దానిని మార్చి చూచెను, ఫలము లేకపోయెను. మరణాసన్నుల యొద్దకు మతాచార్యుడు గంట మ్రోయించుచు వచ్చుటవలన కలిగెడి భయము కారణమేమోయని ఆ గంటను మాన్పించెను. అప్పటికిని మరణములు తగ్గలేదు. ఇట్లు ఒక్కొక్క కారణమును పరీక్షించి, నిలువని దానిని త్రోసివేయుచు వచ్చెను.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ వెనీసు నగరమునకు యాత్రపోయి తిరిగి వచ్చునప్పటికి, మిత్రుడగు ఆచార్య కొల్లెచ్కా మరణించెనను వార్త విననయ్యెను. శవపరీక్ష నేర్పుచుండగా ఒక విద్యార్థి చేతికత్తి పొరపాటున అతని వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ చిన్నగాయమునుండి విషము దేహమంతటను వ్యాపించి అతనిని బలిగొనెను. మిత్రుని మరణమునకు దుఃఖించుచునే సెమ్మెల్‌వైస్ ఆ శవపరీక్షా వివరములను చదివెను. చదివి నివ్వెరపోయెను. సూతికాజ్వరముతో చనిపోయిన తల్లుల దేహములలో కానవచ్చు మార్పులే కొల్లెచ్కా దేహమందును ఉండెను. పురుషునకు పురిటి జ్వరమెట్లు వచ్చును? ఇద్దరిని చంపినది ఒకే విషమై యుండవలెను.

అప్పుడతనికి చిక్కు విడిపోయెను. వైద్యవిద్యార్థులును వైద్యులును ఉదయమున శవములను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే ప్రసవశాలకు వచ్చి తల్లులను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవపరీక్షతో పనియే లేదు. సబ్బుతో కడిగినను శవపు వాసన చేతులను విడువకుండెడిది. వాసన ఉన్నదనగా కంటికి కానరాని మలినము ఉన్నదనియే యర్థము. కొల్లెచ్కాకు ఆ మలినమును కత్తి చేర్చినది. తల్లులకు వైద్యుల వ్రేళ్లు చేర్చుచున్నవి.

ఈ సత్యము అతనికి సంతోషమును గాక తీరని వేదనను కలిగించినది. ఏలయన, జ్వరకారణమును కనిపెట్టవలెనను పట్టుదలతో ప్రతిదినము శవపరీక్షలు చేసినవాడు తానే. తల్లులను కాపాడుటకై ఎంత శ్రమించెనో, ఆ శ్రమచేతనే అంతమందికి మృత్యువును మోసికొనిపోయెను. తన కారణమున అకాలమరణము నొందినవారి సంఖ్య దేవునికే తెలియునని అతడు తరువాత తన గ్రంథమున ఒప్పుకొనెను. తప్పు తనదని తెలిసినప్పుడు దానిని దాచుట సులభము. సెమ్మెల్‌వైస్ దాచలేదు.

1847 మే నెల నడుమ అతడొక నియమమును ప్రవేశపెట్టెను. ప్రసవశాలలో అడుగిడు ప్రతివాడును క్లోరిను నీటితో చేతులు కడుగుకొనవలెను. కొలది కాలమునకు, ఖర్చు తక్కువ యగుటచే, దానికి మారుగా క్లోరిను చేర్చిన సున్నపు నీటిని వాడించెను. మన పల్లెలలో నూతినీటిని శుద్ధిచేయుటకు చల్లెడి బ్లీచింగు పొడి ఆ జాతి పదార్థమే. దానితో కడిగిన చేతికి శవపు వాసన ఉండదు. ఫలితము వెంటనే కనిపించెను. ఏప్రిలు నెలలో నూటికి పదునెనిమిది మంది తల్లులు మరణించియుండగా, జూనులో ఇద్దరు, జులైలో ఒకరు వంతున మాత్రమే మరణించిరి. 1848వ సంవత్సరమున 3556 కాన్పులలో మరణములు 45. ఆ యేటి రెండు నెలలలో ఒక్క తల్లియు చనిపోలేదు.

నడుమ ఒక అపజయము అతనికి మరియొక పాఠము నేర్పినది. 1847 అక్టోబరులో గర్భాశయమున పుండుగల యొక రోగిని వైద్యులు పరీక్షించి, చేతులను క్లోరిను నీటితో కడుగక వరుసగా తక్కిన బాలెంతలను పరీక్షించిరి. ఆ వరుసలోని పండ్రెండుగురిలో పదునొకరు మరణించిరి. శవమునుండియే గాక బ్రదికియున్న రోగినుండియు విషము వ్యాపింపగలదని అప్పుడు తేలెను. ఒక రోగిని తాకి మరియొక రోగిని తాకుటకు ముందు ప్రతిసారియు చేతులు కడుగవలెనని అతడు ఆజ్ఞాపించెను.

ఇంత స్పష్టమైన ఫలితమును చూచి లోకమంతయు అతనిని కొనియాడెనని మీరు తలతురు. అట్లు జరుగలేదు. హెబ్రా, స్కోడా వంటి కొందరు పెద్దలు అతనిని సమర్థించిరి. కాని పెక్కుమంది వైద్యులకు, తమ చేతులే రోగులను చంపినవని ఒప్పుకొనుట అవమానముగా తోచెను. పైగా ఆ మలినమేమో కంటికి చూపుట సాధ్యము కాదు. సూక్ష్మజీవులు రోగములను కలిగించునని నాటికి ఋజువు కాలేదు. సెమ్మెల్‌వైస్ నందును ఒక లోపముండెను. తన పరిశోధనను సకాలమున వివరముగా వ్రాసి ప్రకటింపలేదు. 1849 మార్చిలో అతని ఉద్యోగకాలము ముగిసెను. క్లైన్ దానిని పొడిగింపలేదు. మరుసటి యేట, మిత్రులకైనను చెప్పక, అతడు వియన్నాను విడిచి స్వదేశమునకు వెడలిపోయెను.

పెస్టు నగరమున సెయింట్ రోకస్ ఆసుపత్రి ప్రసవశాలను 1851లో జీతము లేకయే స్వీకరించెను. అచ్చటను తన నియమమునే నిలిపెను. రమారమి ఆరేండ్లలో 933 కాన్పులు జరుగగా సూతికాజ్వరమునకు బలియైన తల్లులు ఎనిమిదిమంది మాత్రమే. 1855లో విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1857లో వివాహమాడెను. తుదకు తన సిద్ధాంతమును పెద్ద గ్రంథముగా వ్రాసెను. అది 1861 సంవత్సరము పేర వెలువడెను. విమర్శకులు దానిని మన్నింపలేదు. తల్లులు చనిపోవుచునే యుండిరి. అది సహింపలేక అతడు ప్రసిద్ధ వైద్యుల పేరుపేరున బహిరంగలేఖలు వ్రాసి, వారిని హంతకులని నిందించెను. ఆ కోపమునకు కారణము ధర్మమే. కాని కోపము వినువారి చెవులను మరింత మూసివేసెను.

క్రమముగా అతని మనస్సు చెదరెను. 1865 జులై చివర అతనిని వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చిరి. బయటకు పోవ ప్రయత్నింపగా కావలివారు అతనిని కొట్టిరి. దేహమందలి గాయము కుళ్లి, విషము రక్తమునకెక్కెను. రమారమి రెండు వారములకు, ఆగస్టు 13వ తేదీన, నలువదియేడేండ్ల వయస్సున అతడు కన్నుమూసెను. ఏ విషమునుండి తల్లులను కాపాడ జూచెనో, అట్టి విషమే అతనిని బలిగొనెను.

విధి విచిత్రమైనది. అతడు మరణించుటకు ముందు దినముననే, ఆగస్టు 12న, గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు బండిచక్రము క్రింద కాలు నలిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలికు ఆమ్లముతో కట్టుకట్టెను. గాయము చీముపట్టక మానెను. శుచియైన శస్త్రచికిత్సకు అది నాంది. 1879లో పాశ్చరు పండితుడు పారిస్ నగరమున జరిగిన సభలో, సూతికాజ్వరమును కలిగించు సూక్ష్మజీవుల ఆకారమును నల్లబల్లపై గీచి చూపెను. సెమ్మెల్‌వైస్ చెప్పిన మలినమునకు అట్లు రూపమేర్పడెను. నేడు బుడాపెస్టునందలి వైద్య విశ్వవిద్యాలయము అతని పేర వెలయుచున్నది. అతడు పుట్టిన యిల్లు వైద్యచరిత్ర ప్రదర్శనశాల అయినది.

బాలబాలికలారా! ఈ చరిత్ర వైద్యులకు మాత్రమే చెందినది కాదు. మనము చేతితో అన్నము కలుపుకొని తినువారము. చేతిపైనుండు సూక్ష్మజీవులలో అధికభాగము గోటి క్రిందనే దాగియుండునని పరిశోధకులు కనుగొనిరి. అరచేతిని నీరు సులభముగా కడుగును గాని, పెరిగిన గోటి సందులోనికి సరిగా పోదు. నులిపురుగుల గ్రుడ్లు, విరేచనములను టైఫాయిడును కలిగించు క్రిములు అచ్చటినుండి ముద్దతో నోటికి చేరును. వడ్డించు చేతినుండి ఇంటిల్లిపాదికిని చేరును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కావున వారమునకొక పరి గోళ్లు తీసికొనవలెను. కాలిగోళ్లు అంతకంటె మెల్లగా పెరుగును; వానిని మూలలు లోతుగా కోయక తిన్నగా కత్తిరింపవలెను. గోళ్లు కొరుకుట మానవలెను. భోజనమునకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిమ్మటను సబ్బుతో వ్రేళ్ల కొనలను, గోళ్ల సందులను రుద్ది కడుగవలెను. ఇంటికి వచ్చినవారికి కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చుట మన పెద్దల ఆచారము. పొలము గట్లపై నడచివచ్చిన పాదముల వ్రేళ్ల సందులను, గోళ్లను కూడ ఆ నీటితో శుభ్రపరచుకొన్నచో ఆ ఆచారము సార్థకమగును.

సెమ్మెల్‌వైస్ కోరినది గొప్ప ఔషధమును కాదు, విలువైన యంత్రమును కాదు. ఒక గిన్నెడు నీటిని, ఒక నిమిషము ఓపికను మాత్రమే కోరెను. అంత చిన్న పనికి అడ్డు నిలిచినది, నా చేయి శుభ్రముగనే యున్నదను అహంకారము. ఆ అహంకారమును విడిచి, తన చేతినే ముందుగా శంకించినవాడు కనుకనే అతడు సత్యమును చూడగలిగెను; ఎందరో తల్లులకు ప్రాణదాత కాగలిగెను.