డాక్టర్ కార్లోస్ చాగస్ – మందును చూడని వైద్యుడు

ఒక వ్యాధిని, ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని, దానిని మోసుకొని తిరిగే కీటకాన్ని ఒకే వ్యక్తి కనుగొన్న ఉదాహరణలు వైద్యశాస్త్ర చరిత్రలో బహు అరుదు. బ్రెజిల్ దేశీయుడైన డాక్టర్ కార్లోస్ చాగస్‌కు ఆ ఘనత దక్కింది. (పోర్చుగీసు వారు ఆ పేరును షాగస్ అని పలుకుతారు; మన వైద్య విద్యార్థులకు చాగస్ అనే అలవాటు గనుక ఇక్కడ అదే వాడినాను.) అయితే ఆ వ్యాధిని నయం చేయగల మందు ఒక్కటైనా తన రోగులకు ఇచ్చే భాగ్యం మాత్రం ఆయనకు కలుగలేదు.

ఆయన 1879లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఒలివేరా ప్రాంతాన కాఫీ తోటల కుటుంబంలో జన్మించినాడు. పసితనంలోనే తండ్రి గతించినాడు. కుమారుని ఇంజనీరుగా చూడవలెనని తల్లి కోరిక. కాని వైద్యుడైన మేనమామ ప్రభావం వల్ల ఆయన రియో డి జనైరో వైద్య కళాశాలలో చేరినాడు. ఒస్వాల్డో క్రూజ్ అనే మహాశాస్త్రజ్ఞుని సంస్థలో మలేరియాపై పరిశోధన చేసి, 1903లో సిద్ధాంత వ్యాసం సమర్పించినాడు.

1907లో లాసాన్స్ అనే కుగ్రామం వద్ద రైలుమార్గం వేస్తున్న కూలీలు మలేరియాతో మంచం పట్టగా, క్రూజ్ ఆయనను అక్కడికి పంపించినాడు. ఒక రైలు పెట్టెయే ఆయనకు నివాసం, ప్రయోగశాల కూడ. ఆ ప్రాంతపు పేదల ఇండ్లు తడికెలకు మట్టి మెత్తినవి. గోడల నెర్రెలలో నల్లి జాతికి చెందిన పెద్ద పురుగులు దాగియుండి, రాత్రివేళ నిద్రించువారి ముఖాలపై రక్తం పీల్చేవి. ముఖం మీద పని గనుక జనులు వాటికి క్షురకుడనే అర్థం వచ్చే పేరు పెట్టినారు! రైల్వే ఇంజనీరు ఒకరు వాటి సంగతి చెప్పగా చాగస్ ఒక పురుగును కోసి చూచినాడు. దాని ప్రేగులో కశాభం గల ఏకకణజీవులు కదలాడుతున్నవి. అక్కడి కోతులలో అదివరకే వేరొక పరాన్నజీవి ఉన్నందున వాటిపై పరీక్ష నమ్మదగినది కాదని తలచి, పురుగులను రియోకు పంపినాడు. అక్కడ వాటిచేత కుట్టించిన కోతులు జబ్బుపడినవి. ఆ కొత్త జీవికి గురువు పేరుమీదుగా ట్రిపనోసోమా క్రూజీ అని నామకరణం చేసినాడు.

1909 ఏప్రిల్ 14న బెరెనీస్ అనే రెండేండ్ల పాప రక్తంలో అదే జీవి కనిపించింది. ఆ తరువాత ఈ వ్యాధి ఏండ్ల తరబడి గుప్తంగా ఉండి, కొందరిలో హృదయ కండరాన్ని క్షీణింపజేస్తుందని కూడ ఆయనే వివరించినాడు.

ఆయన పొరబడని మనిషి అని నేననను. పురుగు కాటువల్లనే వ్యాధి సోకుతుందని ఆయన భావించినాడు; పురుగు మలం ద్వారా సోకుతుందని బ్రూంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చూపినాడు. గొంతువాపును కూడ ఈ వ్యాధి లక్షణంగానే ఎంచినాడు. ఇది ప్రత్యర్థులకు ఆయుధమైంది. 1922-23లో జాతీయ వైద్య పరిషత్తులో ఆయన సహోద్యోగులే ఈ వ్యాధి అంత విస్తారమైనది కాదనీ, దేశానికి అపకీర్తి తెస్తున్నాడనీ వాదించినారు. మట్టిగుడిసెల వారి రోగం నగరాల పెద్దలకు కనబడకపోవడంలో వింత లేదు. 1917లో క్రూజ్ సంస్థకు అధిపతియై, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాతో రియోలో పోరాడి, దేశ ప్రజారోగ్య శాఖను నడిపిన వ్యక్తికి ఈ అవమానం జరిగింది. నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదింపబడినా లభించలేదు. 1934 నవంబరులో కన్నుమూసినాడు. ఆ మరుసటి సంవత్సరమే రొమాన్యా అనే వైద్యుడు కంటిరెప్ప వాపు ఈ వ్యాధికి తొలి గురుతని చూపడంతో, అర్జెంటీనా మొదలగు దేశాలలో రోగులు వందలుగా బయటపడినారు.

మందుల కథ ఆ తరువాతిది. 1960వ దశకంలో నిఫుర్టిమాక్స్, 1970వ దశకంలో బెంజ్‌నిడజోల్ వచ్చినవి. నేటికీ ముఖ్యమైనవి ఈ రెండే. దాదాపు అరవై దినాలు వాడవలెను. దద్దురులు, నరాల బాధ భరించలేక మధ్యలో మానేవారు కలరు. శిశువులలో అత్యధికులకు నయమవుతుంది గాని, ముదిరిన వ్యాధిలో ఫలితం తక్కువ. గుండె దెబ్బతిన్న 2,854 మందిపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో, బెంజ్‌నిడజోల్ రక్తంలోని పరాన్నజీవులను తగ్గించింది గాని గుండె క్షీణతను ఆపలేకపోయింది.

ఇక మందుకు లొంగని జీవుల సంగతి విచిత్రమైనది. ఈ మందులు రెండూ లోనికి పోయేటప్పుడు విషాలు కావు. పరాన్నజీవిలోని నైట్రోరిడక్టేజ్ అనే ఎంజైము వాటిని విషంగా మార్చుతుంది. అనగా శత్రువు తన చేతనే చావాలి. ఆ ఎంజైము జన్యువును కొంత పోగొట్టుకొన్న జీవి ఒకేసారి రెండు మందులనూ తట్టుకొనగలదని ప్రయోగశాలలో తేలింది. మందు సోకని అడవి జంతువుల నుండి తీసిన కొన్ని రకాలు సైతం సహజంగానే లొంగవని 1987లో బ్రెజిల్ పరిశోధకులు ఎలుకలపై నిరూపించినారు. కొన్ని జీవులు కణాలలో విభజన మాని నిద్రాణంగా ఉండి మందును తప్పించుకుంటాయని 2018లో వెల్లడైంది.

చాగస్ చూచిన ఆ పాప బెరెనీస్ డెబ్బై ఏండ్లు దాటి జీవించింది. 1962లో ఒకమారు, 1978లో మరొకమారు ఆమె రక్తంనుండి ట్రిపనోసోమా క్రూజీని వేరుచేసినారు. ఆ రెండు రకాలు ఆమె పేరుతోనే ప్రయోగశాలలకు చేరినవి. వాటిపై మందుల పరీక్షలు కూడ జరిగినవి.