గొంతు మీద పసుపు మచ్చ: పిట్టలను గుర్తుపట్టడం నేర్పిన సలీం అలీ

జొన్న, వరి గింజ పాలు పోసుకునే వేళ చేను మీద పిట్టలు వాలితే రైతుకు గుండె జారుతుంది. డబ్బా కొట్టి, టపాసులు కాల్చి అన్నిటినీ ఒకే తీరున తరుముతాం. అయితే చేలోకి వచ్చే ప్రతి పిట్టా గింజ కోసమే రాదు. కొన్ని పురుగు కోసం వస్తాయి. ఏది ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు అది ఏ పిట్టో తెలియాలి. ఆ విద్యకు మన దేశంలో బాట వేసిన వారు డాక్టర్ సలీం అలీ. ఆయన చేసిన తొలి పెద్ద సర్వే మన హైదరాబాద్ రాజ్యంలోనే జరిగింది.

ఒక పిచ్చుకతో మొదలు

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. పదిమంది పిల్లల్లో చివరివారు. ఊహ తెలియక ముందే తల్లిదండ్రులు పోవడంతో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. చిన్నతనంలో ఒకరోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. చూడటానికి ఊరపిచ్చుకలాగే ఉంది, కానీ గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో మేనమామకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరకు పంపారు. ఆయన పిట్ట పేరు చెప్పడమే కాకుండా, సొసైటీలో భద్రపరచిన పక్షులన్నిటినీ ఆ పిల్లవాడికి చూపించారు. ఒకేలా కనిపించే పిట్టల్లో ఇన్ని రకాలుంటాయని సలీం అలీకి అప్పుడే తెలిసింది.

ఉద్యోగం పోయిన రోజుల్లో

యువకుడిగా కొంతకాలం బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. 1918లో తెహ్మీనాను పెళ్లాడారు. తర్వాత బొంబాయి మ్యూజియంలో చిన్న ఉద్యోగం దొరికింది. జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేక ఆ ఉద్యోగం రద్దయింది.

భార్యాభర్తలు బొంబాయికి దగ్గరలోని కిహీం అనే సముద్రతీర గ్రామానికి మారారు. అక్కడి గిజిగాళ్ల గూళ్లను ఆయన నెలల తరబడి కూర్చుని చూశారు. మగ పిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడ పిట్ట వచ్చి చూసి, నచ్చితేనే కాపురం పెడుతుంది. ఆ తర్వాతే మగది గూడు పూర్తి చేసి, మరో ఆడ పిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఈ సంగతిని వివరంగా రాసి లోకానికి చెప్పింది సలీం అలీయే. పనిలేని రోజుల్లో చేసిన ఆ పనే ఆయనకు పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో సర్వే

జీతం అక్కర్లేదు, శిబిరాల ఖర్చు భరిస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షుల లెక్క తేలుస్తానని సంస్థానాలను అడిగారు. అలా 1931-32లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే జరిగింది. తెహ్మీనా కూడా శిబిరాల్లో వెంట ఉన్నారు. ఆ ఫలితాలు సొసైటీ పత్రికలో విడతలుగా అచ్చయ్యాయి. నేటి ఉప్పల్, నాచారం, చెంగిచెర్ల ప్రాంతమంతా అప్పుడు ఆ రాజ్యంలోదే.

1939లో తెహ్మీనా మరణించారు. ఆ దుఃఖంలోనూ ఆయన పని ఆపలేదు. 1941లో మామూలు మనుషులు కూడా బొమ్మ చూసి పిట్టను పోల్చుకునేలా భారతీయ పక్షుల పుస్తకం తెచ్చారు. తర్వాత అమెరికా శాస్త్రవేత్త రిప్లీతో కలిసి 10 సంపుటాల గ్రంథం రాశారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన చేలో గుర్తుపట్టడం ఇలా

చెంగిచెర్ల అడవి అంచున, తుప్పల్లో, చేలగట్ల మీద ఈ పిట్టలు నేటికీ కనిపిస్తాయి. ముందు గొంతు వినండి, తర్వాత తోక, ముక్కు, రంగు చూడండి.

• నల్లంచి: మగది నల్లగా, భుజం మీద తెల్ల మచ్చతో ఉంటుంది. తోక నిక్కపొడుస్తుంది. తోక కింద ఎర్రమట్టి రంగు. ఆడది మట్టి గోధుమ రంగు. సన్నని తీయని ఈల వేస్తుంది. నేల మీది పురుగులను తింటుంది.

• దర్జీ పిట్ట: వీపు ఆకుపచ్చ, నెత్తి ఇటుక రంగు. పిట్ట చిన్నదైనా గొంతు పెద్దది. ఒకే కూతను ఆపకుండా కూస్తుంది. ఆకులు కుట్టి గూడు కడుతుంది. పొదల్లో పురుగులు ఏరుతుంది.

• తేనెపిట్ట: ముక్కు సన్నగా వంగి ఉంటుంది. మగది ఎండలో ఊదారంగులో మెరుస్తుంది. పూలలో తేనె తాగుతూ పుప్పొడి మోస్తుంది.

• పసుల పోలిగాడు: ఒళ్లంతా నలుపు, తోక చివర చీలి ఉంటుంది. తీగల మీద, పశువుల వీపు మీద కూర్చుని ఎగిరే పురుగులను పడుతుంది.

• గిజిగాడు: గూడు కట్టే కాలంలో మగదాని నెత్తి పసుపు. మిగతా కాలంలో ఆడ పిచ్చుకలా కనిపిస్తుంది, ఇక్కడే పొరపాటు పడతాం. గింజ తినే మాట నిజమే, కానీ తన పిల్లలకు పురుగులను కూడా తెచ్చి పెడుతుంది.

రైతులు పాటించవలసినవి

• శనగ, కంది వంటి పైర్లలో కాయతొలుచు పురుగు కోసం ఎకరాకు 10 నుంచి 20 పక్షి స్థావరాలు నిలపండి. గింజ పైర్లలో పాలు పోసుకునే దశకు ముందే తీసేయండి.

• కాపలా అవసరమైన ఆ కొద్ది రోజులే గింజ తినే గుంపులను తరమండి.

• విషం కలిపిన గింజలు చల్లవద్దు. పురుగు తినే పిట్టలు, కోళ్లు కూడా చస్తాయి. అడవి పక్షులను పట్టడం, చంపడం చట్టరీత్యా నేరం.

• గట్ల మీద తుప్పలు, ముళ్లచెట్లు కొన్ని ఉంచండి.

పొద్దున్నే చేనుకు వెళ్లినప్పుడు పది నిమిషాలు గట్టు మీద కూర్చుని చూడండి. పేరు తెలియని పిట్ట కనిపిస్తే తరిమే ముందు అదేమిటో ఊళ్లో పెద్దలను అడగండి. సలీం అలీ కూడా అలా ఒక పిచ్చుక పేరు అడగడంతోనే మొదలుపెట్టారు.