గాజుల లక్ష్మీనరసు శెట్టి

పందొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో చెన్నపట్టణం ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు రాజధానికి ముఖ్యస్థానం. ఉత్తరాన గంజాం మొదలుకొని దక్షిణాన తిరునల్వేలి దాకా వ్యాపించిన ఆ రాజధానిలో సర్కారు జిల్లాలు, దత్తమండలాలు, నెల్లూరు కూడా చేరి ఉండేవి. కాబట్టి తెలుగు రైతు కట్టే శిస్తు ఎంత ఉండాలో చెన్నపట్టణంలోనే నిర్ణయమయ్యేది. ఆ పట్టణంలోనే, తెలుగు వర్తక కుటుంబంలో, 1806లో గాజుల లక్ష్మీనరసు శెట్టి జన్మించాడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వ్యాపారంలో పేరు గడించినవాడు. కుమారుడు చిన్ననాటనే తండ్రి కొట్లో చేరి వర్తక మర్మాలు నేర్చుకున్నాడు, ఆంగ్లంలో కొంత ప్రవేశం సంపాదించాడు. ఆయన పొందిన విద్య గొప్పది కాదు. జమాఖర్చుల పద్దు చూసి ఎక్కడ నష్టం వస్తున్నదో పసిగట్టే నేర్పు మాత్రం ఆయనకు పుట్టుకతో అబ్బింది. తరువాతి కాలంలో ప్రభుత్వపు పద్దును సైతం ఆయన ఆ కంటితోనే చూశాడు.

తండ్రి మరణానంతరం వ్యాపారం వృద్ధి చేసి లక్ష్మీనరసు ధనవంతుడయ్యాడు. 1844లో ఒక ముద్రణాలయాన్ని కొని 'క్రెసెంట్' అనే ఆంగ్లపత్రికను ప్రారంభించాడు. దాని సంపాదకత్వాన్ని ఎడ్వర్డ్ హార్లీ అనే ఆంగ్లేయునికి అప్పగించాడు. ఆనాడు మిషనరీలకు అధికారుల అండ మెండుగా ఉండేది. ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా ప్రవేశపెట్టాలన్న ప్రయత్నం జరిగినప్పుడు ఆయన పట్టణప్రజలను సమావేశపరచి దానిని ప్రతిఘటించాడు. ఈ ఉద్యమమే ఆయనకు ప్రజాజీవితంలో తొలి పాఠం. మహజరు ఎలా వ్రాయాలో, సంతకాలు ఎలా సేకరించాలో, లండనులోని పెద్దల చెవిని ఎలా వేయాలో అందులోనే అలవడింది.

అయితే ఆయన కీర్తికి అసలు కారణం పన్నుల సమస్య. రైతువారీ పద్ధతిలో శిస్తు నగదు రూపంలో నిర్ణయమై ఉండేది. 1830 తరువాత చాలా ఏళ్లు ధాన్యం ధరలు పడిపోయాయి, శిస్తు మాత్రం తగ్గలేదు. పూర్వం కొద్దిపాటి ధాన్యం అమ్మితే తీరే పన్నుకు ఇప్పుడు అంతకు ఎంతో హెచ్చుగా అమ్మవలసివచ్చింది. కాగితం మీద పన్ను పెరగలేదు కనుక పెరిగిందని అధికారులు ఒప్పుకోరు. రైతు గాదె మాత్రం ఖాళీ అయ్యేది. దీనికి తోడు మొహతర్ఫా అనే పన్ను ఒకటి. మగ్గం నేసే సాలెవాని మీద, కమ్మరి, వడ్రంగి పనుల మీద, చిల్లర అంగడి మీద కూడా అది పడేది. ఉప్పు వర్తకం కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది.

1852 ఫిబ్రవరి 26న లక్ష్మీనరసు పూనికతో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. తొలుత అది కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనుకు శాఖ. కాని వంగదేశంలో శాశ్వత శిస్తు పద్ధతి అమలులో ఉండేది, అక్కడి సంఘంలో జమీందారులది పైచేయి. మద్రాసు రాజధానిలో బాధ నేరుగా రైతుది. ఈ తేడాను గుర్తించి చెన్నపట్టణపు సంఘం త్వరలోనే స్వతంత్రించింది. కంపెనీ పట్టాను పార్లమెంటు తిరిగి పరిశీలించే తరుణం అది. ఆ అవకాశాన్ని విడువక 1852 డిసెంబరులో సంఘం పార్లమెంటుకు సుదీర్ఘమైన మహజరు పంపింది.

ఆ మహజరును శ్రద్ధగా పరిశీలించినవారికి అందులోని వర్తకుని తర్కం తెలుస్తుంది. పన్నులు అధికమైనవని, వాటిని వసూలుచేసే తీరు క్రూరమైనదని అది మొరపెట్టుకున్నది. ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించాలని స్పష్టంగా కోరింది. ఖర్చు తగ్గనిదే పన్ను తగ్గదన్నది ఇందలి అంతరార్థం. అంతమాత్రాన ఖర్చులన్నీ వ్యర్థమని ఆ సంఘం వాదించలేదు. బాటలు, వంతెనలు, నీటివనరులు కావాలన్నది, విద్యకు మరింత ధనం వెచ్చించాలన్నది. ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట పూర్తయినది ఆ సంవత్సరంలోనే. తగిన చోట పెట్టిన ఖర్చు పంటగా తిరిగివస్తుందనడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు. కంపెనీ సైన్యపు ఖర్చు మాటకు వస్తే, 1853లో హైదరాబాదు నిజాము కంటింజెంటు సైన్యపు బకాయిల కింద బీరారును వదులుకోవలసివచ్చింది. ప్రభువులకే తప్పని భారం సామాన్య రైతును ఎంతగా కుంగదీసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

1853 అక్టోబరులో ఇండియా రిఫారం సొసైటీ అధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ చెన్నపట్టణం వచ్చాడు. లక్ష్మీనరసు ఆయనను విందులతో సరిపెట్టి పంపలేదు, రైతుల నడుమకు తీసుకొనిపోయాడు. కడలూరు, తిరుచిరాపల్లి, సేలం మున్నగు చోట్ల రైతులు తాము పడిన హింసను స్వయంగా వివరించారు. శిస్తు చెల్లించలేనివాని వేళ్లను కర్రల నడుమ బిగించి నొక్కేవారు. మెడకు తాడు వేసి కాలికి కట్టి, నడుము వంచి ఎండలో నిలబెట్టేవారు. తహసీలుదారు చేతిలో వసూలు అధికారంతోపాటు పోలీసు అధికారం కూడా ఉండడం వల్ల బాధితుడు ఎవరితో మొరపెట్టుకోవాలి? కొట్టినవాడే ఫిర్యాదు విచారించేవాడు.

1854 జూలైలో ఈ విషయం పార్లమెంటులో చర్చకు వచ్చినప్పుడు కంపెనీ పక్షం వారు అదంతా అబద్ధమన్నారు. అయినా విచారణ తప్పలేదు. ఆ ఏడాదే చెన్నపట్టణంలో ముగ్గురు సభ్యుల సంఘం నియమితమైంది. మూడు నెలల వ్యవధిలో రెండు వేలకు చేరువగా ఫిర్యాదులు అందాయి. కొందరు వందల మైళ్లు నడిచివచ్చి సాక్ష్యమిచ్చారు. పన్ను వసూలులో చిత్రహింస వాస్తవమేనని 1855లో వెలువడిన నివేదిక అంగీకరించింది. పై ఆంగ్లాధికారులకు అది తెలియదని, తప్పంతా కింది స్వదేశీ ఉద్యోగులదేనని సర్దిచెప్పిన తీరు మాత్రం న్యాయంగా లేదు. ఎంత రాబట్టాలో నిర్ణయించి ఒత్తిడి తెచ్చినది పైవారే కదా!

సంఘం ఇంతటితో ఊరుకోలేదు. కంపెనీ పాలనను రద్దుచేసి దేశాన్ని నేరుగా బ్రిటిష్ రాణి ఏలుబడిలోకి తీసుకోవాలని 14,000 మంది సంతకాలతో రెండవ మహజరు పంపింది. 1858లో కంపెనీ పాలన అంతరించింది. 1859లో వచ్చిన చట్టం మద్రాసు రాజధానిలో పోలీసు శాఖను రెవెన్యూ శాఖ నుండి వేరుచేసింది. 1860వ దశకం ఆరంభంలో మొహతర్ఫా కూడా తొలగిపోయింది. ఇవన్నీ లక్ష్మీనరసు ఒక్కని కృషి ఫలితాలే అనడం అతిశయోక్తి అవుతుంది గాని, వాటికి బాటవేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఖర్చు విషయంలో మాత్రం ఆయన కోరిక నెరవేరలేదు. కంపెనీ అప్పులు, దాని వాటాదారులకు ఏటా ఇచ్చే నూటికి పదిన్నర చొప్పున లాభాంశం భారతీయుల పన్నుల మీదనే పడ్డాయి. 1857 తిరుగుబాటును అణచిన ఖర్చు బొక్కసాన్ని లోటులో ముంచగా 1860లో ఆదాయపు పన్ను పుట్టుకొచ్చింది.

తనను ఇంతకాలం అనుమానంతో చూసిన ప్రభుత్వమే చివరికి లక్ష్మీనరసును గౌరవించింది. 1863లో మద్రాసు శాసనసభకు సభ్యునిగా నియమించింది. అప్పటికే ఆయన వ్యాపారం క్షీణించింది. పత్రికకు, మహజరులకు, సభలకు, అతిథుల పర్యటనలకు ఆయన వెచ్చించిన ధనానికి లెక్కలేదు. ప్రభుత్వపు పద్దులో దుబారాను అంత నిశితంగా పట్టుకున్న వర్తకుడు తన పద్దును చూసుకోవడం మరచాడు. తండ్రి ఇచ్చినదీ తాను గడించినదీ కరిగిపోగా 1868లో పేదరికంలో కన్నుమూశాడు.