స్పెయిను గాయని రాకెల్ మెల్లెర్

చార్లీ చాప్లిన్ నిర్మించిన సిటీ లైట్స్ చిత్రమును చూచినవారు లోకమున అసంఖ్యాకులు. అందు చూపులేని పూలపిల్ల తెరపైకి వచ్చినప్పుడెల్ల ఒక మృదువైన బాణీ వినవచ్చును. మాట లేకయే మనస్సును కరగించు ఆ బాణీని చాప్లిన్ స్వయముగా కూర్చెనని చాలమంది తలంతురు. అది నిజము కాదు. అది స్పెయిను దేశమున పుట్టిన ఒక పూలు అమ్ము పిల్ల పాట. దానిని కట్టినవాడు హోసే పాదీయా అను సంగీతకర్త. దానిని ఖండఖండాంతరములకు కొనిపోయినది రాకెల్ మెల్లెర్ అను గాయని. పాట మిగిలినంతగా ఆమె పేరు మిగులలేదు. ఒక కాలమున స్పెయిను, ఫ్రాన్సు, అమెరికా దేశములను ఏలిన ఆ గొంతు కథ తెలిసికొనదగినది.

రాకెల్ మెల్లెర్ తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రాన్సిస్కా మార్కెస్ లోపెస్. ఆమె 1888వ సంవత్సరము మార్చి 9వ తేదీన స్పెయిను ఈశాన్య భాగమున, అరగాన్ సీమలోని తరసోనా పట్టణమున జన్మించెను. తండ్రి కమ్మరి. కొలిమి సంపాదనపై సాగు సంసారము గనుక ఇంట కలిమి లేదు. బాల్యముననే ఆమె పుట్టిన ఊరు విడిచి, తుదకు బార్సెలోనా నగరము చేరెను. అప్పటి బార్సెలోనా మరలతో, మిల్లులతో, రేవుతో క్రిక్కిరిసిన శ్రామికుల నగరము. పేదయింటి ఆడుపిల్లకు అచ్చట దొరకు పని సూది పని. ఆమె ఒక దుస్తులు కుట్టు దుకాణమున చేరెను. కుట్టుచు కూనిరాగములు తీయు ఆ పిల్ల కంఠమును, ఆ దుకాణమునకు వచ్చుచుండిన ఒక పాటకత్తె గుర్తించి రంగస్థలమునకు దారి చూపెను.

మొదట ఆమె సుందరి రాకెల్ అను పేరుతో చిన్న చిన్న వినోదశాలలలో పాడెను. పిదప రాకెల్ మెల్లెర్ అను పేరు స్థిరపడెను. బార్సెలోనాలో పారలెల్ అను వీథి కలదు. నాటకశాలలు, పానశాలలు, నృత్యశాలలు బారులు తీరియుండు ఆ వీథిలోని ఆర్నౌ నాటకశాలయందు 1911వ సంవత్సరము సెప్టెంబరులో ఆమె పాడిన పాటలే ఆమెకు తొలి గొప్ప విజయమును తెచ్చిపెట్టినవి. అప్పటికి ఆమెకు 23 ఏండ్లు.

ఆమె పాడిన పాటల తీరును గూర్చి కొంత చెప్పవలెను. స్పెయినులో ఆ పాటను కుప్లే అందురు. మూడు నాలుగు నిమిషములలో ముగియు చిన్న పాట అది. కాని దానిలో ఒక కథ ఉండును, ఒక పాత్ర ఉండును. గాయని ఆ పాత్రయే తానై పాడవలెను. తొలిరోజులలో ఈ పాటలు బూతునకు పేరువడినవి. పురుషులు మాత్రమే పోవు చోట్ల, సగము దుస్తులతో, ద్వంద్వార్థములతో వానిని పాడుట వాడుక. ఇంటి ఆడువారు ఆ ఛాయలకు పోయెడివారు కారు. ఈ పాటను ఆ బురద నుండి పైకి తీసి, కుటుంబములు కూర్చుండి వినదగిన కళగా మార్చినవారిలో రాకెల్ ప్రథమగణ్య.

ఆమెది పెద్ద గొంతు కాదు. సంగీత నాటకములలో పాడు గాయకురాండ్ర గంభీరమైన కంఠముతో పోల్చినచో అది సన్నని ధార. ఆ లోపమును ఆమె బలముగా మార్చుకొనెను. గొంతు చించుకొనుట మాని, మెల్లగా, దాదాపు మాటాడుచున్నట్లు పాడెను. రంగముపై పరుగులు తీయక నిలుచుండి, కన్నులతో, చేతివ్రేళ్లతో అర్థము చెప్పెను. ప్రతి పాటకును దానికి తగిన వేషము ధరించెను. వేయిమంది కూర్చున్న శాలలో సూది పడిన వినబడునంతటి నిశ్శబ్దమును ఆమె ఆ సన్నని స్వరముతోనే సాధించెను.

ఆమె కీర్తికి రెండు కన్నులవంటి పాటలు రెండు. రెండింటికిని బాణీలు కట్టినవాడు అల్మెరియా సీమకు చెందిన హోసే పాదీయా. మొదటిది ఎల్ రెలికారియో. తన పాదము సోకిన వస్త్రపు తునకను పతకములో దాచుకొని, ఎద్దులతో పోరాడు రంగమున ప్రాణము విడిచిన ప్రియుని తలచి ఒక స్త్రీ దుఃఖించుట అందలి కథ. రెండవది లా వియొలెతేరా. వియొలెటా అనగా ఊదారంగుతో, మంచి వాసనతో చలికాలపు చివర పూయు చిన్న పువ్వు. ఆ పూల గుత్తులను మాడ్రిడ్ వీథులలో అమ్ముకొను పిల్ల పాట అది. దానిని పాడునప్పుడు రాకెల్ పూలబుట్ట చేతబట్టుకొని ప్రేక్షకులకు పూలు పంచెడిది. గమనింపదగిన విషయమేమనగా, ఈ పాటలను మొట్టమొదట రంగమున పాడినవారు వేరు. అయినను రాకెల్ పాడిన పిదప వారిని తలచినవారు లేరు. ఆ పాటలు ఆమె సొత్తుగా లోకము ఎంచెను.

1919లో ఆమె పారిస్ నగరమందలి ఒలింపియా రంగశాలలో పాడెను. ఫ్రెంచి శ్రోతలకు ఆమె భాష తెలియదు. ఆమె తన భాషను విడువలేదు. అర్థము కాని మాటలకే పారిస్ కన్నీరు పెట్టెను. ఆ యేడే ఆమె గ్వాటెమాలా దేశీయుడును, పారిస్ పత్రికారంగమున పేరుమోసిన రచయితయునగు ఎన్రికే గోమెస్ కర్రీయోను వివాహమాడెను. ఆ కాపురము మూడేండ్లకు మించలేదు. ఇరువురును కీర్తిమంతులే, ఇరువురును అభిమానధనులే; ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడవు గదా.

పారిస్ కీర్తి ఆమెను ఫ్రెంచి చలనచిత్రములలోనికి దింపెను. ఇందొక వింత కలదు. అది మూకీ చిత్రముల కాలము. గొంతువలన ప్రసిద్ధురాలైన స్త్రీ గొంతు వినబడని తెరపై తారయగుట సామాన్యము కాదు. ఆన్రీ రుస్సెల్ అను ఫ్రెంచి దర్శకుడు 1924లో ఆమె నాయికగా సామ్రాజ్ఞి వియొలెట్లు అను అర్థమిచ్చు పేరుతో ఒక చిత్రమును వెలువరించెను. సెవిల్ నగరమున పూలు అమ్ముకొను వియొలెటా అను పేదపిల్లకు, గొప్పయింటి యూజీనియాతో స్నేహము కలుగును. ఆ యూజీనియాయే పిమ్మట మూడవ నెపోలియను భార్యయై ఫ్రాన్సు సామ్రాజ్ఞి యగును. సామ్రాజ్ఞి ప్రాణము తీయ కుట్రదారులు పన్నిన సంగతి తెలిసి, పూలపిల్ల ఆమె బండిలో తాను కూర్చుండి అపాయమునకు తన్ను ఒడ్డుకొనును. చరిత్రలో 1858వ సంవత్సరము జనవరి 14వ తేదీన పారిస్ సంగీత నాటకశాల యెదుట ఆ రాజదంపతుల బండిపై బాంబులు పడిన మాట నిజము. వారు ప్రాణములతో బయటపడిరి. పూలపిల్ల మాత్రము కల్పితము. పాటలోని పిల్లనే కథలోనికి తెచ్చి, రాకెల్ కొరకే అల్లిన చిత్రమది. జనులు తెరపై వియొలెటాను చూచుచు, తమకు తెలిసిన పాటను మనస్సులో తామే పాడుకొనిరి.

1926లో జాక్ ఫెదేర్ దర్శకత్వమున కార్మెన్ చిత్రమున ఆమె నటించెను. అచ్చట దర్శకునకును నటికిని పొత్తు కుదురలేదు. మెరిమే వ్రాసిన కథలోని కార్మెన్ కట్టుబాట్లు ఎరుగని స్త్రీ. ఫెదేర్ మూలమును అనుసరింపగోరెను. రాకెల్ ఆ పాత్రను గౌరవముగల స్త్రీగా చూపగోరెను. బూతుపాటల లోకమున పుట్టి, మానముతో బ్రతికి చూపవలెనని ఇరువది యేండ్లు పెనగిన స్త్రీ పట్టుదల అది. కథకు అది కీడే చేసియుండవచ్చును. కాని ఆమె పట్టు వెనుక ఆమె బ్రతుకంతయు ఉన్నది. పిమ్మట జగత్ప్రసిద్ధుడైన దర్శకుడు లూయిస్ బున్యుయేల్ ఆ చిత్రమున ఒక చిన్న వేషము వేసెను.

ఆ సంవత్సరమే ఆమె అమెరికాకు పోయెను. న్యూయార్కులో ఆమె పాడిన రాత్రులు ఆ నగరమునకు పండుగలైనవి. 1926 ఏప్రిల్ 26వ తేదీ టైమ్ పత్రిక ముఖచిత్రముగా ఆమె రూపమునే ప్రకటించెను. కమ్మరి కూతురు, కుట్టుపని పిల్ల, 38 ఏండ్ల వయస్సున అందుకొన్న శిఖరమది.

తరువాత చిత్రములకు మాట వచ్చినది. 1932లో రుస్సెల్ తన పాత కథనే శబ్దముతో మరల తీసెను. సామ్రాజ్ఞిగా మొదటి చిత్రమున నటించిన సుజాన్ బియాంకెట్టియే మరల ఆ పాత్ర ధరించెను; పూలపిల్ల మరల రాకెల్. ఈ పర్యాయము ఆమె గొంతు తెరపై వినబడెను. కాని ఆమె వయస్సు అప్పటికి 44. గొంతు లేనినాడు యౌవనముండెను. గొంతు చేరునాటికి యౌవనము జారిపోయెను. గానప్రధానమైన ఆ కరుణకథ ఆమె కీర్తికి ఒక స్మారకముగా మిగిలెను.

ఇంతలో సిటీ లైట్స్ 1931లో వెలువడెను. లా వియొలెతేరా బాణీని చాప్లిన్ తన పూలపిల్లకు వాడుకొనెను. కర్త పేరు చెప్పలేదు. పాదీయా ఫ్రాన్సులోని న్యాయస్థానమునకు పోయి గెలిచెను. చట్టము బాణీ కట్టినవాని హక్కును కాపాడినది, అది న్యాయమే. అయితే ఆ పాటకు ప్రాణముపోసి దేశదేశముల త్రిప్పిన గాయనికి ఏ చట్టమును ఏ హక్కును ఈయలేదు. కాగితముపై నిలుచు స్వరమునకు యజమాని ఉండును. నిలుచుండిన తీరు, ఆపిన ఊపిరి, పూవు అందించిన చేయి, ఇవి ఎవరి సొత్తు? రంగస్థల కళాకారులందరి జీవితములను వేధించు ప్రశ్న ఇది.

1936లో స్పెయినున అంతర్యుద్ధము చెలరేగెను. ఆమె నటింపనున్న ఒక చిత్రము నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన 1939 తరువాత ఆమె స్వదేశము చేరెను. ఆమె రెండవ వివాహము చేసికొని, ఇరువురు పిల్లలను పెంచుకొనెను. కాని ఆమె ఎరిగిన స్పెయిను అప్పటికి లేదు. కుప్లే పాట పాతబడెను. కొత్త తరము కొత్త పాటలు కోరెను. చేతి సొమ్ము తరిగెను. పూలమ్మిన చోట కట్టెలమ్ముటకు ఆమె అభిమానము ఒప్పలేదు. క్రమముగా రంగమునకు దూరమయ్యెను.

1957లో ఎవరును ఊహింపని సంగతి జరిగెను. హువాన్ దె ఓర్దున్యా దర్శకత్వమున, కొద్దిపాటి పెట్టుబడితో తీసిన ఎల్ ఉల్తిమో కుప్లే, అనగా కడపటి కుప్లే, మాడ్రిడ్‌లో విడుదలయ్యెను. నాయిక సారా మోంతియేల్. ఒకనాడు వెలిగి ఆరిపోయిన గాయని, పాత మిత్రుని ప్రోత్సాహముతో మరల రంగమెక్కి, తుది పాట పాడి ప్రాణములు విడుచుట అందలి కథ. ఎల్ రెలికారియో అందు వినవచ్చును. చిత్రము నెలల తరబడి ఆడెను. మరుసటి యేడు అదే నటి నాయికగా లా వియొలెతేరా అను పేరుతోనే మరియొక చిత్రము వచ్చెను. మరల స్పెయినంతయు ఆ పాటలే పాడెను. తెరపై గాయని చనిపోవుచుండగా కన్నీరు కార్చిన ప్రేక్షకులలో, ఆ పాటల నిజమైన గాయని బార్సెలోనాలో ముదిమితో, లేమితో సజీవముగా ఉన్నదని తలచినవారు ఎందరు? తన పాటలు వేరొకరి పేరిట మారుమ్రోగుట రాకెల్‌కు ఇష్టము కాలేదు. ఆమె బాధ సహజమే. అయినను, పూర్వము తానును ఇతరులు పాడిన పాటలనే తనవిగా చేసికొనెను గదా. పాటకు ఒకరి గొంతుపై నిలుకడ లేదు. తన్ను బ్రతికింపగల గొంతును అది వెదకికొనిపోవును.

1962వ సంవత్సరము జూలై 26వ తేదీన, 74వ యేట, బార్సెలోనాలో రాకెల్ మెల్లెర్ కన్నుమూసెను. మరచితిమనుకొన్న నగరము ఆనాడు మేల్కొనెను. ఆమె శవయాత్రకు జనము తండోపతండములుగా వచ్చిరి. మోంజుయిక్ శ్మశానవాటికలో ఆమెను ఉంచిరి. నాలుగేండ్లకు, 1966లో, శిల్పి జోసెప్ విలాదోమాత్ చేసిన కంచు విగ్రహమును పారలెల్ వీథిలో, ఆమె తొలి విజయము చూచిన ఆర్నౌ నాటకశాల చెంత నిలిపిరి. ఆ విగ్రహము రాణి వేషమున లేదు, కార్మెన్ వేషమున లేదు. పూలు అమ్ము పిల్ల రూపముననే ఉన్నది. అరిగిన గ్రామఫోను రికార్డులలో ఆమె సన్నని గొంతు నేటికిని వినవచ్చుచున్నది. సిటీ లైట్స్ ఆడిన ప్రతిచోటను ఆ బాణీ మ్రోగుచునే యున్నది. వినువారు ఆ పూలపిల్ల వెనుక నిలిచిన కమ్మరి కూతురిని ఒక్కసారి తలచినచో, ఆమెకు చట్టము ఈయలేకపోయినది కొంత దక్కినట్లే.