ఆకు రంగుల్ని విడదీసినవాడు: మిఖాయిల్ త్స్వెత్

పాలనీ నీళ్లనీ వేరుచేయడం హంసకే తెలుసని మన కవులు చెబుతూ వచ్చారు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆ హంస పని చేసేది క్రొమటోగ్రఫీ. ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి కూరగాయల్లో పురుగుమందుల పరీక్ష దాకా వాడే జీసీ-ఎంఎస్ మెషీన్‌లో మొదటి సగం అదే. దాన్ని మొదలుపెట్టింది మొక్కల మీద పనిచేసే ఒక బోటనీ మనిషి. పేరు మిఖాయిల్ త్స్వెత్.

1872లో ఇటలీలోని ఆస్తి అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి రష్యన్, తల్లి ఇటాలియన్. ఆయన పసికందుగా ఉండగానే తల్లి చనిపోయింది. పెరిగిందీ చదివిందీ స్విట్జర్లాండ్‌లో. 1896లో జెనీవా యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకుని తండ్రి దేశానికి వెళ్లాడు. అక్కడ మొదటి దెబ్బ తగిలింది. విదేశీ డిగ్రీ రష్యాలో చెల్లదన్నారు. డాక్టరేట్ చేతిలో పెట్టుకుని మళ్లీ మాస్టర్స్ చేయాల్సి వచ్చింది. 1901లో కజాన్‌లో అది పూర్తిచేసి, అప్పట్లో రష్యా పాలనలో ఉన్న వార్సాలో యూనివర్సిటీ ఉద్యోగంలో చేరాడు.

ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఆకు పచ్చదనంలో అసలు ఎన్ని పదార్థాలున్నాయి? అప్పటి పద్ధతుల్లో యాసిడ్లూ ఆల్కలీలూ వాడేవాళ్లు. క్లోరోఫిల్ చాలా సున్నితం, వాటికి ఇట్టే మారిపోతుంది. చివరికి మిగిలింది ఆకులో ఉన్నదో, ల్యాబ్‌లో పుట్టిందో తెలిసేది కాదు.

త్స్వెత్ సన్నటి గాజుగొట్టంలో సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, గట్టిగా కూరాడు. ఆకుల నుంచి తీసిన ద్రావణాన్ని పైనుంచి పోసి, వెనకాలే శుభ్రమైన సాల్వెంట్ పోస్తూ వచ్చాడు. సుద్దని గట్టిగా పట్టుకునే పదార్థం పైనే ఆగింది. పట్టు తక్కువున్నది కిందికి జారింది. గొట్టంలో పసుపు, పచ్చ పట్టీలు వేటికవి విడిపోయాయి. క్లోరోఫిల్ రెండు రకాలని కళ్లముందే కనిపించింది. 1903లో వార్సాలో ఈ పద్ధతి గురించి ప్రసంగించాడు. 1906లో జర్మన్ బోటనీ పత్రికలో రెండు వ్యాసాలు రాసి దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల ప్రకారం అది రంగురాత. తమాషా ఏంటంటే, రష్యన్‌లో త్స్వెత్ అన్నా రంగే.

కానీ కెమిస్టులు పెద్దగా పట్టించుకోలేదు. క్లోరోఫిల్ విషయంలో అప్పటి పెద్ద దిక్కు జర్మనీకి చెందిన రిచర్డ్ విల్‌స్టాటర్. పదార్థాన్ని ఎక్కువ మొత్తంలో తయారుచేయడానికి ఇది పనికిరాదని ఆయన అభిప్రాయం. 1915లో నోబెల్ విల్‌స్టాటర్‌కి వచ్చింది. అదే ఏడాది జర్మన్ సైన్యం వార్సాని ఆక్రమించింది, త్స్వెత్ ఊరు వదలాల్సి వచ్చింది. మాస్కో, నిజ్నీ నొవ్‌గొరోద్, తార్తు, చివరికి వొరోనెజ్. యుద్ధం వెంటపడుతుంటే ల్యాబ్ ఎక్కడ నిలబడుతుంది? 1919లో వొరోనెజ్‌లో జబ్బుతో చనిపోయాడు. అప్పటికి వయసు 47.

1910లో ఆయన రష్యన్‌లో రాసిన పుస్తకం మాత్రం మిగిలింది. విల్‌స్టాటర్ దాన్ని తన కోసం జర్మన్‌లోకి అనువాదం చేయించుకున్నాడు. ఆ ప్రతి ఆయన శిష్యుడు రిచర్డ్ కూన్ చేతికొచ్చింది. 1931లో హైడెల్‌బర్గ్‌లో కూన్ దగ్గర పనిచేస్తున్న ఎడ్గార్ లెడరర్ ఈ పద్ధతితోనే కెరోటిన్‌ని ఆల్ఫా, బీటా రకాలుగా విడదీశాడు. కాదన్న మనిషి ఇంటి నుంచే విద్య మళ్లీ బయటికొచ్చిందన్నమాట! అప్పట్నుంచి అది ఆగలేదు.

1941లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ద్రవం బదులు వాయువుని కూడా పంపొచ్చని రాశారు. 1952లో మార్టిన్, జేమ్స్‌తో కలిసి అది చేసి చూపించాడు. అదే గ్యాస్ క్రొమటోగ్రఫీ. 1950ల మధ్యలో అమెరికాలో గోల్కే, మెక్‌లాఫర్టీ దాని చివర మాస్ స్పెక్ట్రోమీటర్‌ని తగిలించారు.

ఇప్పటి మెషీన్‌లో శాంపిల్ ఆవిరై, సాధారణంగా హీలియం వాయువుతో కలిసి, వెంట్రుకంత సన్నని రంధ్రమున్న 30 మీటర్ల గొట్టంలో ప్రయాణిస్తుంది. సుద్ద స్థానంలో గొట్టం లోపల పలుచని పూత ఉంటుంది. ఒక్కో కాంపౌండ్ ఒక్కో సమయానికి బయటికొస్తుంది. అక్కడ 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఎలక్ట్రాన్లు ఢీకొట్టి అణువుని ముక్కలు చేస్తాయి. ముక్కల బరువుల నమూనాని లైబ్రరీతో పోల్చి పేరు చెబుతారు. అన్నీ ఒకేసారి లోపలికి వెళ్తే ఏ ముక్క దేనిదో తేల్చడం మహా కష్టం. అందుకే ముందు త్స్వెత్ పని, తర్వాతే పేరు పెట్టే పని.

మన స్క్రీన్ మీద కనిపించే క్రొమటోగ్రామ్‌లో ఆ పసుపు, పచ్చ పట్టీలు ఉండవు, పీక్స్ మాత్రమే ఉంటాయి. రంగు దాని పేరులో మిగిలింది.