ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులు

నాటకమునకు వస్తువు, నేత, రసము అను మూడును జీవగఱ్ఱలని దశరూపకకారుడైన ధనంజయుడు నిర్ణయించెను. కథ యేది, ఆ కథను నడుపువాడెవడు, అది చూచువాని హృదయములో మేల్కొల్పు భావమెట్టిది అను నీ మూడింటిని బట్టియే రూపకభేదము లేర్పడుచున్నవి. కాని యీ మూడును తాళపత్రముపై నున్నంతవరకు నాటకము సగమే. తక్కిన సగము నటుని శరీరములో, కంఠములో, వేషములో, కంటితడిలో నుండును. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని పెద్దలు విభజించిన చతుర్విధాభినయ మిదియే. ఇవియన్నియు సమకూడినను ఎదుట సామాజికుడు లేనిచో దీపములు వెలిగించుట వ్యర్థము. కావ్యమునకు పాఠకుడు నూఱేండ్ల తరువాత దొరకినను చాలును. నాటకమునకు ప్రేక్షకు డా రాత్రియే రావలెను.

తెలుగువారికి కావ్యసంపద నన్నయనాటినుండియు నున్నను, దృశ్యకావ్య మనదగిన గ్రంథము పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమువఱకు లేకపోవుట వింతయే. యక్షగానములు కలవు, వీథినాటకములు కలవు, తోలుబొమ్మలాటలు కలవు. అవి గ్రామములను రాత్రులెల్ల మేల్కొలిపినవి. శాకుంతలము వంటి సంస్కృత నాటకమును తెనిగింపబూనిన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు సైతము దానిని శ్రవ్యప్రబంధముగనే మార్చెను. 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీమధుకరీయమును రచించి ఆ లోటు తీర్చుటకు మొదలిడెను. 1880లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున తన విద్యార్థులచే వ్యవహారధర్మబోధినిని ఆడించెను. అది న్యాయస్థానములందలి వకీళ్ల లోపములను ఎత్తిచూపు ప్రహసనము. ఇంకను కొలది యేండ్లకు బళ్లారిలో వకీళ్లే ముఖమునకు రంగు పూసికొని వేదిక నెక్కిరి! వారిని అట్లెక్కించిన వారు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు.

ఆచార్యులవారు 1853లో ధర్మవరమున జన్మించిరి. ఆ యూరు నాడు బళ్లారి మండలములోనిది. 1882లో అనంతపురము ప్రత్యేక మండలమైన పిమ్మట అందు చేరినది. తండ్రి కృష్ణమాచార్యులు పండితుడు. ఇంటిలో సంస్కృతాంధ్రములు, బడిలో ఆంగ్లము, వీథిలో కన్నడము వినుచు పెరిగిన బాలుని కీ భాషలన్నియు తల్లిపాలవలె ఒంటబట్టినవి. తమ్ముడు గోపాలాచార్యులును నాటకకర్తయే. రామదాసు నాటకము ఆయన కృతి. అన్నగారు కొంతకాలము గుమాస్తాగా పనిచేసి, తరువాత ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై బళ్లారిలో న్యాయవాదవృత్తి నవలంబించిరి. పగలు కక్షిదారుల దస్తావేజులు, రాత్రి నాటకముల వ్రాతప్రతులు. ఈ రెండింటి నడుమ ఆయన జీవితము గడచినది. ఆ వృత్తి ఆయన నాటకరచనకు తోడ్పడలేదని చెప్పుటకు వీలులేదు. న్యాయస్థానములో నొకని మాటకు మఱియొకని మాట అడ్డు వచ్చును, అడ్డువచ్చినకొలది నిజము బయటపడును. రంగస్థలముపై సంభాషణయు నట్లే నడువవలెను గదా.

బళ్లారి ఆనాడు చెన్నపురి రాజధానిలో పెద్ద దండుకల పట్టణము. తెలుగును కన్నడమును ఒకే అంగడిలో వినబడుచుండెడివి. ఉత్తరమునుండి మహారాష్ట్ర నాటకసంఘములును, ధార్వాడ సమాజములును, పారసీ కంపెనీలును ఆ ప్రాంతములలో సంచరించుచుండెడివి. పుణ్యపురమున అణ్ణాసాహేబు కిర్లోస్కరు 1880లో ప్రదర్శించిన శాకుంతలము సంగీతనాటకమునకు దక్కనమంతట మోజు పుట్టించినది. తెరలు, రంగురంగుల దృశ్యములు, శ్రావ్యమైన పాటలు చూచివచ్చిన తెలుగువాడు తన భాషలో నట్టిది లేదని చిన్నబుచ్చుకొనకుండ నెట్లుండగలడు? ఆ చిన్నబుచ్చుకొనుటయే 1886లో బళ్లారిలో సరసవినోదినీ సభ రూపము దాల్చినది.

ఆ సభాసభ్యులు జీతమునకు నటించినవారు కారు. ప్లీడర్లు, ఉపాధ్యాయులు, కచేరీ ఉద్యోగులు, తీరిక వేళల చేరి పాత్రలు వల్లించినవారు. ఇది ఈనాడు సామాన్యముగ తోచును. ఆ రోజులలో వేషము కట్టువానిని కులీనుల పంక్తిని కూర్చుండనిచ్చుట అరుదు. నటుడనిన శీలము లేనివాడనియు, నాటకమనిన చెడుటకు మార్గమనియు గృహస్థులు భయపడుచుండిరి. అట్టియెడ శ్రోత్రియకుటుంబమున పుట్టి, న్యాయస్థానమున గౌరవము గడించిన యొకడు స్వయముగ నాటకము వ్రాసి, అందరికిని పాత్రలు నేర్పి, తానే ముఖ్యపాత్ర ధరించి సభ ముందు నిలుచుట సాహసమే. పోవునది ధనము కాదు, పరువు. స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. ఆ విషయమున ఆచార్యులవారు కాలమును దాటిపోలేదు.

సభవారు తొలుత ప్రదర్శించిన చిత్రనళీయము ఆచార్యులవారి కీర్తికి పునాది. నలుని కథ శ్రీనాథుని మూలమున తెలుగువారి నాలుకలపై నున్నదే. కాని శృంగారనైషధము దమయంతీ వివాహానంతర సుఖముతో ముగియును. కలిప్రభావమున రాజ్యము పోయి, భార్యను అడవిలో విడిచి, రూపము మాఱి వంటవాడై బ్రదుకు బాహుకుని దుఃఖము భారతములోనిది. ఆచార్యులవారు ధరించినదియు బాహుకుని పాత్రయే. అందమైన నలుని వేషము నెవ్వరైనను కోరుకొందురు. వికృతరూపము ధరించి, ఆ రూపము లోపల రాజు దాగియున్నాడని ప్రేక్షకులకు తోపజేయుట నటునికి పరీక్ష. రచనలో ఆయన పద్యమును విడువలేదు, వచనమును విడువలేదు. వానికి తోడుగ రాగతాళయుక్తములైన పాటలను చేర్చెను. సంస్కృతమర్యాదను పూర్తిగ త్రోసిపుచ్చక, ఆంగ్లనాటకములవలె అంకములను రంగములుగ విభజించెను. ఈ మిశ్రమమే తరువాత నలువది యేబది యేండ్లు తెలుగు పద్యనాటకమునకు ఒరవడి యైనది.

ఐనను ఆయన పేరు నిలువవలసినది విషాదసారంగధరమువలన. రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమును పాలించుచుండగా, కుమారుడు సారంగధరుని కొఱకు చిత్రపటములు చూచి, అందొకతెను తానే పెండ్లాడెను. ఆమె చిత్రాంగి. ఒకనాడు సారంగధరుని పావురము ఎగిరిపోయి చిత్రాంగి మేడపై వ్రాలినది. దానికై వెళ్లిన యువకుని ఆమె కామించినది. అతడు తల్లీ యని మ్రొక్కి తిరస్కరింపగా, పగబట్టి రాజుతో నేరము మోపినది. రాజు విచారింపక కుమారుని కాలుసేతులు నఱికించెను. గౌరన నవనాథచరిత్రమునందును, చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రమునందును దీనికి తరువాయి గలదు: ఒక సిద్ధుడు వచ్చి ఆ యవయవములను మరల మొలిపించును. చరిత్రలో ఈ కథకు ఆధారము లేదు. నన్నయను పోషించిన చాళుక్యరాజరాజునకు కుమారుడు కులోత్తుంగచోడుడను పేర దక్షిణాపథమునేలిన రాజేంద్రుడు. చరిత్ర కాకపోయినను ఈ కథ తెలుగు తల్లుల కంటనీరు పెట్టించుచునే యుండెను; సిద్ధుడు వచ్చి ఆ కన్నీరు తుడుచుచునే యుండెను.

ఆచార్యులవారు ఆ సిద్ధుని రానీయలేదు. ఆయన నాటకమున సారంగధరుడు మరణించును. సత్యము వెల్లడి యగును, కాని శిక్ష నెరవేఱిన తరువాత.

ఈ మార్పు ఎంతటిదో తెలియుటకు భవభూతిని తలచుకొనవలెను. వాల్మీకి సీతను భూమిలో ప్రవేశపెట్టెను. భవభూతి ఉత్తరరామచరితమున కరుణరసమును కొండలు కరగునట్లు పోషించియు, తుదకు సీతారాములను కలిపి కాని తెర దింపలేదు. నాయకుని వధ రంగముపై చూపరాదని లాక్షణికుల శాసనము, మంగళాంతము సంప్రదాయము. అనగా ఆదికవి దుఃఖముతో ముగించిన దానిని నాటకకర్త సుఖముగ మార్చెను. బళ్లారి ప్లీడరు దానికి సరిగా ఎదురునడచి, కవులు సుఖముగ ముగించిన దానిని దుఃఖముగ మార్చెను. భాసుని ఊరుభంగమున దుర్యోధనుడు రంగముపైననే ప్రాణము విడుచునని వాదింపవచ్చును. కాని గణపతిశాస్త్రి భాసనాటకచక్రమును తిరువనంతపురమునుండి ప్రకటింప నారంభించినది 1912లో. సారంగధరము పుట్టునాటికి ఆ యండ యీయనకు లేదు. ఆయన చదివిన షేక్స్పియరు విషాదాంతములే దారి చూపినవి.

దారి అన్యమైనను నడక తెలుగుదే. ఈ నాటకమున నేత యెవడని ప్రశ్నించినచో పేరును బట్టి సారంగధరుడని చెప్పవలెను. ధీరుడు, శాంతుడు, నిర్దోషి. శాస్త్రము కోరు గుణములన్నియు నున్నవి. కాని కథను నడుపునది రాజు. కొడుకునకు తలచిన కన్యను తాను చేపట్టుట యాతని మొదటి తప్పు, విచారణ లేక దండించుట రెండవది. సారంగధరుని చూచి జాలిపడుదుము. రాజును చూచి భయపడుదుము, ఏలయన అతడు దుర్మార్గుడు కాడు, తొందరపడిన తండ్రి. ఆచార్యులవారు తాము ధరించుటకు ఎన్నుకొన్నది ఆ రాజరాజు పాత్రనే. ప్రతిదినము న్యాయస్థానమున సాక్ష్యమనగా నేమో చూచు మనుష్యుడు, సాక్ష్యము వినక తీర్పు చెప్పిన రాజుగా రాత్రి నిలుచుండెను. ఈ పాత్రలో ఆయన నటన ప్రసిద్ధి కెక్కినది.

పండితులలో కొందఱు దీనిని మెచ్చకపోవుట సహజము. అమంగళముగ ముగిసిన నాటకము చూచి ఇంటికి పోవుట శుభమా అను శంక ఆనాటి వారిది. ప్రేక్షకులు మాత్రము శంకింపలేదు. ఏడ్చుటకే మరల మరల వచ్చిరి. రసము శాస్త్రగ్రంథమున నిర్ణయింపబడుటకు ముందు సభామండపమున నిర్ణయింపబడును.

దోషములు లేవనరాదు. పాటలు మితి మీఱినవి. మృత్యువు ముంగిట నున్నవాడును, వార్త తెచ్చిన దూతయు, కోపముతో మండిపడు రాజును రాగమెత్తుకొనిన, ప్రేక్షకుడు పాత్రను మఱచి గాయకుని వినును. ఆచార్యులవారి కాలమున అది ఆకర్షణ. ఆయన వెనుక వచ్చినవారి చేతులలో అది జాడ్యమైనది. హార్మోనియము ముందుకు వచ్చి అభినయము వెనుకబడిన రాత్రులకు ఆయనను కొంతవఱకైనను బాధ్యుని చేయక తప్పదు.

1891లో సరసవినోదినీ సభవారు చెన్నపట్టణమునకు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకములాడిరి. చూడవచ్చినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు అను తమిళ విద్యార్థి యొకడు. అంతవఱకు తమిళనాటకములనిన అతనికి ఏవగింపు. చదువుకొనినవారు, ఉద్యోగస్థులు ఇంత శ్రద్ధతో నటించుట చూచి అతని అభిప్రాయము మాఱినది. ఆ యేడే జూలైలో మిత్రులతో సుగుణవిలాస సభను స్థాపించెను. తరువాత న్యాయాధిపతియై యుండియు అనేక నాటకములు వ్రాసి, ఆధునిక తమిళ నాటకరంగమునకు పెద్దదిక్కైనవాడు ఆ మొదలియారే. ఆయన నాటకములలో సారంగధరుని కథయు నొకటి. తెలుగు తెలియని ప్రేక్షకులు సగమున్న నగరములో తెలుగు నాటక మాడి, ఇరుగుపొరుగు భాషలో ఒక రంగస్థలమునకు బీజము వేసిన ఈ ఘట్టము మన సాహిత్యచరిత్రలలో రెండు వాక్యములకు మించి చోటు పొందకపోవుట న్యాయము కాదు.

బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభ పక్షమున నాటకములు వ్రాసెను. ఆయనయు న్యాయవాదియే. ఆచార్యులవారు పురాణములను ఎక్కువగ ఆశ్రయింపగా, ఈయన చరిత్రను ఆశ్రయించి విజయనగర పతనమును నాటకముగ మలచెను. ఒక్క పట్టణములో ఇద్దఱు వకీళ్లు, రెండు సభలు, పోటీ లేకుండునా? ఆ పోటీ వలన లాభపడినది ప్రేక్షకుడే.

పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, ప్రమీలార్జునీయము, పాంచాలీపరిణయము, మోహినీరుక్మాంగద మొదలుగ ముప్పది వఱకు నాటకములు ఆచార్యులవారి లేఖినినుండి వెలువడినవి. పాదుకాపట్టాభిషేకమున ఆయన దశరథుడు. తొందరపడి వరమిచ్చి కుమారుని పోగొట్టుకొన్న ఆ తండ్రియు రాజరాజునకు దూరపు చుట్టము కాడు. ఆంధ్రనాటక పితామహుడను బిరుదు ఆయన జీవించియుండగనే స్థిరపడినది. 1912 నవంబరులో ఆయన పరమపదించిరి.

మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు అప్పటికి ముప్పదిరెండేండ్లవాడు. బళ్లారి రాఘవ యను పేర దేశమెఱిగిన ఆ మహానటుడు వకీలు వృత్తిలోను, రంగముపైనను మేనమామ వెంట నడచెను గాని పాటల విషయమున మాత్రము నడువలేదు. పాత్ర మనస్సు ముఖమున కనబడవలెనే గాని రాగమున కరిగిపోరాదని పట్టుబట్టి, వేదికపై సంగీతమును తగ్గించెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ప్రోత్సహించెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరినవి. బళ్లారి మైసూరు రాజ్యమున కలిసినది. మేనమామ మేనల్లుళ్లు నటించిన ఆ పట్టణము కర్ణాటకమున నున్నది. అక్కడి రాఘవ కళామందిరము మేనల్లుని పేరనే వెలసినది.