ఓడ పొట్టలో చేప

ఫస్టియర్‌లో డ్రాఫ్టర్ మోసుకుంటూ తిరిగిన వాళ్ళందరికీ మాథ్యూ బేకర్ ఒక విధంగా పూర్వీకుడే. ఇంగ్లండులో ఓడని ముందు స్కేలు ప్రకారం కాగితం మీద గీసి, ఆ తర్వాత కట్టినవాళ్ళ గురించి చెప్పాలంటే ఈయనతోనే మొదలుపెట్టాలి.

పుట్టింది 1530లో. తండ్రి జేమ్స్ బేకర్ ఎనిమిదో హెన్రీ రాజుకి ఓడలు కట్టిన మేస్త్రి. అప్పట్లో కొలతలన్నీ మేస్త్రి బుర్రలోనే ఉండేవి. కూడు పెట్టేది ఆ రహస్యమే కాబట్టి బయటివాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. మేస్త్రి పోతే లెక్క కూడా ఆయనతోనే పోయేది. కొడుకుంటే కొడుక్కి దక్కేది, అంతే.

బేకర్ కుర్రవాడిగా ఉన్నప్పుడే మధ్యధరా సముద్రం మీదుగా ఖియోస్ దీవి దాకా వెళ్ళొచ్చాడు. ఆయన కాగితాల్లో వెనీసు, గ్రీకు ఓడల కొలతలు కూడా కనిపిస్తాయి. 1572లో ఎలిజబెత్ రాణి ఆయన్ని రాజ నౌకాదళానికి మాస్టర్ షిప్‌రైట్‌గా వేసింది. స్పెయిన్ ఆర్మడా మీదికి డ్రేక్ ఎక్కి వెళ్ళిన రివెంజ్ ఓడ ఆయన పనే అంటారు.

కానీ ఆయన పేరు నిలబెట్టింది ఓడలు కాదు, బొమ్మలు. కంపాస్‌తో ఒకదానికొకటి తాకే చాపాలు గీసి ఓడ మధ్య కోతని తయారుచేసేవాడు. ఆ బొమ్మల్లో అందరికీ తెలిసినది ఒకటుంది. నీళ్ళలో మునిగే ఓడ భాగంలో ఒక పెద్ద చేపని గీశాడు. తల లావు, తోక సన్నం. నీళ్ళని చీల్చుకుని పోవాలంటే ఆకారం ఎలా ఉండాలో చేపే చెబుతోందన్నమాట. హైడ్రోడైనమిక్స్ అనే మాట పుట్టక ముందు సంగతి ఇది!

ఇంకోటి, టన్నుల లెక్క. అప్పుడు టన్ను అంటే బరువు కాదు, ఓడలో పట్టే ద్రాక్షసారా పీపా. అడుగు దూలం పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి దాదాపు 100తో భాగిస్తే ఎన్ని పీపాలు పడతాయో తేలుతుంది. ఈ సూత్రం 1582 నాటికి బేకర్ పేరు మీదే నడిచింది.

ముసలితనం మాత్రం గొడవల్లో గడిచింది. ఫినియాస్ పెట్ అనే కుర్ర మేస్త్రి ఒకప్పుడు ఈయన దగ్గరే మెళకువలు నేర్చుకున్నాడు. అతను ప్రిన్స్ రాయల్ అనే భారీ ఓడ కడుతుంటే, పని సరిగ్గా లేదని బేకర్, మరికొందరు ఫిర్యాదు చేశారు. 1609లో జేమ్స్ రాజే స్వయంగా వచ్చి విచారించి పెట్‌ని గెలిపించాడు. ఇందులో ముసలాయన అసూయ కొంత ఉండొచ్చు. అయితే ఆ ఓడలో పచ్చి కలప వాడారని, రిపేర్లకి బోలెడు ఖర్చవుతుందని తర్వాత తేలింది. అది చూడటానికి బేకర్ లేడు, 1613లోనే పోయాడు.

బతికుండగా ఆ కాగితాలు అచ్చు కాలేదు. చేతులు మారి మారి చివరికి డైరీల శామ్యూల్ పెపీస్‌కి దొరికాయి. ఇప్పుడు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కాలేజీలో ఉన్నాయి.

1620లో ఇంగ్లండు నుంచి అమెరికాకి వలసవాళ్ళని తీసుకెళ్ళిన మేఫ్లవర్‌ని 1950ల్లో మళ్ళీ కట్టాలనుకున్నారు. ఆ ఓడ బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. ఆనవాలల్లా సుమారు 180 టన్నులన్న మాటే. డిజైన్ పని అమెరికన్ నేవల్ ఆర్కిటెక్ట్ విలియం బేకర్‌ది (ఇంటిపేరు కలవడం చూడండి!). ఆయన పాత సూత్రాన్ని వెనక్కి నడిపించాడు. మీరూ వేసి చూడండి: 58 అడుగుల దూలం, 25 వెడల్పు, పన్నెండున్నర లోతు. గుణించి 100తో భాగిస్తే 181 వస్తుంది. ఓడ ఒంపులకి మాథ్యూ కాలం నాటి చాపాలు ఉన్నాయి.

ఇంగ్లండులోని బ్రిక్స్‌హమ్ రేవులో ఓక్ కలపతో కట్టిన ఆ మేఫ్లవర్ 2, 1957 ఏప్రిల్ 20న తెరచాపల మీదే బయలుదేరి, జూన్ 13న అమెరికాలోని ప్లిమత్ చేరింది.